పెళ్లికి పెద్దది, బిడ్డను ఎత్తుకోవడానికి చిన్నదా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. నాకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది పదో తరగతి పాసైన ఏడాదే, పదహారేళ్లు నిండగానే మా అన్నయ్య కొడుక్కిచ్చి చేశాం. మా అమ్మకు ఒంట్లో బాగాలేక, మనవరాలి పెళ్లి చూసి పోతానని పట్టుబట్టింది. అబ్బాయికి ఇప్పుడు ఇరవై ఏళ్లు. చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ పనికి వెళ్తాడు, చెడు అలవాట్లు లేవు. అమ్మాయికి పద్దెనిమిది నిండకముందే కాన్పయింది. ఆపరేషన్ చేసి తీశారు. పాప రెండు కిలోల బరువే పుట్టింది, ఇప్పుడు ఏడో నెల. తల్లీబిడ్డా మా దగ్గరే ఉన్నారు. నా బాధ ఏమిటంటే అమ్మాయికి పిల్ల మీద ధ్యాసే లేదు. పాప ఏడిస్తే ‘అమ్మా, చూడు’ అని నన్ను పిలుస్తుంది. పొద్దస్తమానం ఫోనే. తనతో చదివిన పిల్లలు కాలేజీ ఫొటోలు పెడితే చూసి కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. పాపకు డబ్బా పాలు పట్టడం, స్నానం చేయించడం, రాత్రి పక్కలో వేసుకోవడం అన్నీ నేనే. అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త మీటింగుకు అమ్మాయిని పంపమంటారు. నలుగురిలో అదేం మాట్లాడుతుందిలే అని నేనే వెళ్లి వస్తాను. మొన్న అక్కడ అన్నప్రాసన చేస్తే పాపను నా ఒళ్లోనే కూర్చోబెట్టుకున్నాను. ఇప్పుడు ఇంటర్ చదువుతానంటోంది. అల్లుడు ఆదివారాలు వస్తానంటాడు. వాడూ పిల్లాడే, వాడికేం తెలుసు? మూడు నెలల్లో కాపురానికి పంపమని మా వదిన అడుగుతోంది. ఈలోగా ఫోను మాన్పించి, దానికి తల్లి బాధ్యత తెలిసేలా చేయడం ఎలా? చిన్నది తొమ్మిదో తరగతి. దాని సంగతి పదో తరగతి అయ్యాక చూద్దామనుకుంటున్నాం.
— ఒక తల్లి

జవాబు: అమ్మా, ఫోను సంగతి ముందు తేల్చేద్దాం. మాన్పించకండి. ఆ పిల్లకు ఇంట్లో తనదంటూ మిగిలింది అదొక్కటే. మీరు అడిగిన ప్రశ్నకు జవాబు ఇంతే. అడగనిదే అసలు సంగతి.

మీ ఉత్తరాన్ని మీరే ఒకసారి పైకి చదువుకోండి. పాలు నేను, స్నానం నేను, పక్కలో నేను, మీటింగుకు నేను, అన్నప్రాసనకు నేను. ఆ వరుసలో మీ అమ్మాయి ఎక్కడుంది? పాప ఏడిస్తే మిమ్మల్ని పిలవడానికి మాత్రం ఉంది. పిలవక ఏం చేస్తుంది? ఏడు నెలలుగా పాప ఏడ్చిన ప్రతిసారీ పరుగెత్తుకొచ్చి చేతుల్లోంచి తీసుకున్నది మీరే కదా! పదహారేళ్లకు మెడలో తాళి కట్టించడానికి పెద్దదైన పిల్ల, పద్దెనిమిదేళ్లకు కన్నబిడ్డను ఎత్తుకోవడానికి చిన్నదెలా అయింది? ఈ లెక్క నాకు అర్థం కాలేదు. మీ అమ్మాయికీ అర్థమై ఉండదు.

మీకు పాప మీద ప్రేమ లేదని అనడం లేదు. రెండు కిలోల పిల్లను ఈ మాత్రం తేర్చారంటే అది మీ రెక్కల కష్టమే. కాకపోతే ఆ కష్టంలో కొంత ప్రాయశ్చిత్తం కూడా ఉందని నా అనుమానం. తొందరపడి పెళ్లి చేశామన్న బాధను పాపను మోసి తీర్చుకుంటున్నారు. దానివల్ల మీ మనసు తేలికపడుతుందేమో గానీ, మీ అమ్మాయి చేతులు ఖాళీ అయిపోయాయి. మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకుని ఎంత కాలమైంది? పాప గురించి కాదు, ఆమె గురించి. ఆపరేషన్ కుట్లు ఇంకా లాగుతున్నాయా అని, రాత్రి నిద్ర పడుతోందా అని అడిగిన గుర్తు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఈ కథలో చెడింది తల్లికీ పాపకూ మధ్య బంధం కాదు. మీకూ మీ కూతురికీ మధ్యది.

ఆ కన్నీళ్ల సంగతి మీరు ఫిర్యాదులా రాశారు. నాకది అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యంలా కనిపించింది. తోటి పిల్లలు కాలేజీకి వెళ్తుంటే తను పచ్చి బాలింతై మంచం మీద ఉంది. ఏడవదా? పగలంతా ముభావంగా ఉండటం, బిడ్డ మీద మనసు పోకపోవడం, తిండీ నిద్రా తప్పడం కాన్పు తర్వాత వచ్చే కుంగుబాటు కూడా కావచ్చు. చిన్న వయసు తల్లుల్లో అది ఎక్కువ. అది పొగరు కాదు, బద్ధకం అంతకన్నా కాదు. 14416కు ఫోను చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సలహాదారులు డబ్బు తీసుకోకుండా తెలుగులోనే మాట్లాడతారు. ఫోను ఆమె చేతికివ్వండి, పక్క గదిలోకి వెళ్లిపోండి. చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట ఆమె నోట ఎప్పుడైనా వస్తే మాత్రం ఒంటరిగా వదలకండి, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. రక్తం కూడా పరీక్ష చేయించండి. కాన్పు తర్వాత ఆరు నెలలపాటు వేసుకోవాల్సిన ఐరన్ మాత్రలు వేసుకుందో లేదో మీకు తెలుసా? ఒంట్లో రక్తం లేని పిల్లకు ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక అంగన్‌వాడీ. ఆ టీచరూ ఆశా కార్యకర్తా పిలుస్తున్నది మిమ్మల్ని కాదు. మీ ఊళ్లో మీ అమ్మాయి ఒక్కతే ఇలా ఉందని అనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులో, కడుపుతో ఉన్నవాళ్లో. దేశం మొత్తం మీద ఆ లెక్క 6.8 శాతమే. అంటే దాదాపు రెట్టింపు. మనం గొప్పలు చెప్పుకునే రాష్ట్రం ఇది! ఆ పిల్లల కోసం కూడా ఊళ్లో పోషణ, టీకాలు, ఇంటి సందర్శనలు అన్నీ నడుస్తున్నాయి. పాపకు మూడో నెల, ఆరో నెల, తొమ్మిదో నెల, ఏడాది, పదిహేనో నెల నిండినప్పుడు ఆశా కార్యకర్త ఇంటికి రావాలన్నది నియమం. వచ్చినప్పుడు తల్లితో కూర్చుని మాట్లాడాలి. మీ ఇంట్లో ఏం జరుగుతుందో ఊహించగలను. ఆమె గుమ్మంలోకి రాగానే ‘బాగానే ఉందమ్మా, బరువు పెరిగింది’ అని మీరే చెప్పి పంపేస్తారు. ప్రభుత్వం ఎన్ని పథకాలు పెట్టినా, గుమ్మంలో అమ్మమ్మ నిలబడితే లోపలికి రావు.

ఈ వారమే తల్లీబిడ్డల కార్డు తీసి ఆమె చేతికివ్వండి. పాప బరువు చుక్క ఆకుపచ్చలో ఉందో పసుపులో ఉందో ఆమెకే తెలియాలి. తొమ్మిది నెలలు నిండగానే వేయించాల్సిన తట్టు టీకా తేదీ ఆమెకే గుర్తుండాలి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పొడి ఎలా కలపాలో, రోజుకు ఎన్నిసార్లు పెట్టాలో టీచరు దగ్గర ఆమే నేర్చుకోవాలి. ఒకరోజు పలచగా చేస్తుంది, ఇంకోరోజు అడుగంటిస్తుంది. మీరు మీ మొదటి కాన్పులో అన్నీ తెలిసే చేశారా? రాత్రి పాపను ఆమె పక్కన పడుకోబెట్టండి. మీరూ ఆ గదిలోనే పడుకోండి, పిలిస్తేనే లేవండి. మొదటి రెండు మూడు రాత్రులు మీకే నిద్ర పట్టదు, ఓర్చుకోండి. డబ్బా పాలు ఎందుకు మొదలుపెట్టారో రాయలేదు. తల్లిపాలు ఇంకా పడుతుంటే ఆపవద్దు. ఆరో నెల దాటాక అన్నంతో పాటు రెండేళ్ల దాకా ఇవ్వవచ్చు. తగ్గిపోయి ఉంటే మళ్లీ వచ్చే మార్గం ఏమిటో నర్సును ఆమెనే అడగనివ్వండి.

ఈ జవాబు చదివే అంగన్‌వాడీ టీచర్లకూ ఒక మాట. పద్దెనిమిదేళ్ల పిల్లను ముప్ఫై ఏళ్ల తల్లుల మధ్య చాప మీద కూర్చోబెట్టి ‘నీకేం తెలుసు’ అని నవ్వితే, రెండోసారి అమ్మమ్మే వస్తుంది. మీ పరిధిలో ఇలాంటివాళ్లు ముగ్గురున్నా చాలు, వాళ్లను వేరే పూట పిలవండి. ఒకరితో ఒకరు మాట్లాడుకోనివ్వండి. 2014లో మొదలైన కిశోర ఆరోగ్య కార్యక్రమం 10 నుంచి 19 ఏళ్ల వాళ్లందరికీ. అందులో పెళ్లయినవాళ్లూ ఉన్నారు. చంకలో బిడ్డ ఉన్నంత మాత్రాన ఆమె పేరు కిశోరుల పుస్తకంలోంచి కొట్టేయాలా?

చదువు. తప్పకుండా చదవనివ్వండి. రోజూ బస్సెక్కి కాలేజీకి వెళ్లలేకపోతే ఓపెన్ స్కూలులో ఇంటర్ ఉంది. ఇంటి దగ్గరే చదువుకుని పరీక్షలు రాయవచ్చు. పాపను మీరు ఎత్తుకోవాల్సింది ఆ గంటల్లో. ‘బిడ్డను నేను చూస్తాను, నువ్వు చదువుకో’ అనడం వేరు, ‘బిడ్డను చూడటం నీ వల్ల కాదు’ అనడం వేరు. మొదటిదాన్ని సాయం అంటారు. మీరు ఇప్పటిదాకా చేస్తున్నది రెండోది.

అల్లుడి విషయంలో మీ మీద నాకు నిజంగానే కోపం వచ్చింది. వస్తానంటున్నాడు! ఎంతమంది మగపిల్లలు అంటారు ఆ మాట? వచ్చినప్పుడు వరండాలో కుర్చీ వేసి, కోడికూర వండిపెట్టి, పాపను దూరం నుంచి చూపించి పంపితే అతనికి పిల్ల మీద మమకారం ఎప్పుడు పుడుతుంది? పరాయివాడు కూడా కాదు, మీ మేనల్లుడు. మీ చేతుల మీద పెరిగినవాడు. ప్రతి ఆదివారం రమ్మనండి. పాపకు స్నానం ఎలా చేయించాలో, ముద్ద ఎలా పెట్టాలో అతనికీ చెప్పండి. గ్రానైట్ దుమ్ముతో ఇంటికి వచ్చి ఆ బట్టలతోనే పాపను ఎత్తుకోకూడదని కూడా చెప్పండి. బరువు తూయించే రోజు వీలైతే వాళ్లిద్దరే పాపను తీసుకెళ్లాలి. ఊళ్లోవాళ్లు వింతగా చూస్తారు. చూడనివ్వండి.

వీళ్లిద్దరూ ఏకాంతంగా మాట్లాడుకోవాల్సిన విషయం ఇంకొకటుంది. రెండో కాన్పు ఇప్పట్లో వద్దు. ఆపరేషన్ అయిన ఈ ఒంటికి కనీసం రెండు మూడేళ్ల ఎడం కావాలి. ఆ 2019-21 సర్వే లెక్కన మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. ‘ఇద్దరిని కనేసి ఆపరేషన్ చేయించేద్దాం’ అన్నదే మనకు తెలిసిన పద్ధతి. మధ్యలో ఆగే దారులున్నాయని అత్తాకోడళ్లు మాట్లాడుకోరు. మూడు నెలలకొకసారి వేసే అంతర ఇంజెక్షను ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. గర్భసంచిలో పెట్టే లూప్ ఉంది. నిరోధ్ ఉంది. ఏది సరిపడుతుందో నర్సు చెబుతుంది, ఏది కావాలో వాళ్లిద్దరూ తేల్చుకుంటారు. కాపురానికి పంపేలోగా ఇది తేలాలి.

ఆ కాపురం మాటకొస్తే, పంపాలా వద్దా అని మీరూ మీ వదినా మాట్లాడుకుంటున్నారు. పెళ్లప్పుడూ ఇలాగే మాట్లాడుకుని ఉంటారు. ఈసారి అమ్మాయిని అడగండి. 2006 బాల్యవివాహాల నిషేధ చట్టం ప్రకారం ఆమెకు 18, అతనికి 21 నిండాలి. ఇద్దరికీ నిండలేదు. చేసిన పెద్దలది నేరం. పద్దెనిమిది నిండని భార్యతో శారీరక సంబంధం అత్యాచారమేనని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది మిమ్మల్ని బెదిరించడానికి రాయడం లేదు. మీ అమ్మాయికి ఒక హక్కుంది, అది ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. తనకు ఇరవై ఏళ్లు నిండేలోగా ఈ పెళ్లి రద్దు చేయమని ఆమె కోర్టును అడగవచ్చు. అడిగినా పాప హక్కులకు భంగం రాదు. విడిపోమని నేను చెప్పడం లేదు. అబ్బాయి మంచివాడిలాగే కనిపిస్తున్నాడు. కానీ ఉంటానన్న మాట ఆమె నోటితో రావాలి. మీ అన్నాచెల్లెళ్ల మొహమాటం కోసం ఆమె ఆ ఇంటికి వెళ్లకూడదు. సందేహాలుంటే 15100కు ఫోను చేసి న్యాయ సేవల వాళ్లను అడగవచ్చు, ఆడవాళ్లకు ఆ సలహా ఉచితం.

చివర్లో చిన్నమ్మాయి గురించి ఒక వాక్యం రాసి వదిలేశారు. ‘పదో తరగతి అయ్యాక చూద్దాం’ అట. ఏం చూస్తారు? పదో తరగతి అయ్యాక చూడాల్సింది ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకుంటుందన్నదే. మీ అమ్మగారికి మళ్లీ ఒంట్లో బాగాలేకపోయినా, మీ అన్నయ్యకు ఇంకో కొడుకున్నా, సంబంధం తనంతట తనే గుమ్మంలోకి వచ్చినా అంతే. ఎవరైనా ఆ మాట ఎత్తితే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేసే మొదటి మనిషి మీరే కావాలి. మీరు చేయలేకపోవచ్చు కాబట్టి, ఆ నంబరు చిన్నమ్మాయికి కూడా ఇవ్వండి.