రాకడ మీద రాసిన తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. పాలకొల్లు పక్క పల్లెలో మీ నాయనమ్మ ప్రభువు రాకడ కోసం, అంటే క్రీస్తు భూమికి తిరిగి రావడం కోసం, ఎదురుచూడటం గురించి రాసిన పేరా బాగుంది. దాన్ని ముట్టుకోకు. నాకు కోపం తెప్పించింది ఆ వెంటనే వచ్చిన వాక్యం. “హార్‌మెగిద్దోను యుద్ధం రప్పించడానికే అమెరికా ఇజ్రాయెల్‌ను నెత్తిన పెట్టుకుంది” అన్నావు. హార్‌మెగిద్దోను అంటే లోకాంతంలో జరుగుతుందని బైబిల్‌లోని ప్రకటన గ్రంథం చెప్పే ఆఖరి యుద్ధం. మీ నాయనమ్మ నమ్మేదీ ఆ బోధే కదా? ఆవిడ నమ్మకం ఢిల్లీలో ఒక్క ఫైలును కూడా కదిలించలేదు. ఒకే నమ్మకం ఒక దేశంలో పొత్తు కట్టి, ఇంకో దేశంలో ఏమీ చేయకుండా ఉందంటే, నమ్మకానికీ పొత్తుకూ మధ్య ఇంకేదో పనిచేస్తున్నట్టు. నీ వ్యాసంలో లేనిది అదే.

ముందు బోధను సరిగ్గా రాయి. “క్రైస్తవులు నమ్ముతారు” అని రాశావు. ఏ క్రైస్తవులు? కేథలిక్కులు, ఆర్థడాక్స్ వాళ్లు, లూథరన్లు క్రీస్తు వెయ్యేళ్ల పాలనను అక్షరార్థంగా తీసుకోరు. సంఘం ఎత్తబడటం (విశ్వాసులను క్రీస్తు పైకి తీసుకుపోవడం), ఏడేళ్ల శ్రమలు, క్రీస్తు విరోధి, హార్‌మెగిద్దోను, ఆ తర్వాత యెరూషలేము నుంచి వెయ్యేళ్ల పాలన అన్న ఈ వరసను 1830ల నుంచి ప్రచారంలోకి తెచ్చినవాడు జాన్ నెల్సన్ డార్బీ. ఐర్లండ్‌లో ఆంగ్లికన్ పాదిరీగా ఉండి బయటికొచ్చినవాడు. దాన్ని డిస్పెన్సేషన్ సిద్ధాంతం అంటారు. అమెరికాలో ఇంటింటికీ చేర్చింది మాత్రం 1909లో అచ్చయిన స్కోఫీల్డ్ బైబిల్. వచనం ఉన్న పేజీలోనే అడుగున వివరణ ఉండటంతో చదివేవాళ్లకు రెండూ కలిసిపోయాయి. ఈ లెక్కలో యూదులు స్వదేశానికి తిరిగి చేరడం తప్పనిసరి. అందుకే 1948లో ఇజ్రాయెల్ ఏర్పడటం, 1967లో పాత యెరూషలేము దాని చేతికి రావడం ఆ సంఘాలను కుదిపేశాయి.

అయితే అదే సిద్ధాంతం ప్రకారం రాకడ గడియ తండ్రి అయిన దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు. మనిషి యుద్ధం పెట్టి దాన్ని ముందుకు జరపలేడు. నీ వాక్యంలో “రప్పించడానికే” అన్న మాట అక్కడే కూలిపోతుంది. ఇంకొకటి. ఇజ్రాయెల్‌కు మద్దతు అడిగే ప్రసంగాల్లో ప్రకటన గ్రంథంతో పాటు ఆదికాండం 12వ అధ్యాయం 3వ వచనం కూడా గట్టిగా వినిపిస్తుంది. అబ్రాహామును దీవించేవాళ్లను దీవిస్తాను, శపించేవాళ్లను శపిస్తాను అన్న వాగ్దానం అది. అంటే చాలామంది విశ్వాసులకు అది యుగాంతం లెక్క కాదు, దీవెన లెక్క. నువ్వు రెండింటినీ ఒకటి చేసేశావు.

డార్బీ, ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ తొలితరం నాయకులుగా ఉన్న సహోదర (బ్రదరన్) ఉద్యమం మన గోదావరి డెల్టాకు అమెరికా కన్నా ఆలస్యంగా ఏమీ రాలేదు. గ్రోవ్స్ వెంట 1836లో బౌడెన్, బీర్ మిషనరీ దంపతులు భారతదేశానికి వచ్చి నర్సాపురం, పాలకొల్లు ప్రాంతంలో పని మొదలుపెట్టారు. ఇక భారతదేశం ఏం చేసింది? 1947లో ఐక్యరాజ్యసమితిలో పాలస్తీనా విభజనకు వ్యతిరేకంగా ఓటేసింది. 1950 సెప్టెంబరు 17న ఇజ్రాయెల్‌ను గుర్తించింది కానీ పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకోలేదు. 1992 జనవరి 29న ఆ పని చేసింది పి.వి. నరసింహారావు ప్రభుత్వం. అప్పటికి సోవియట్ యూనియన్ కూలి నెల దాటింది, అంతకు కొద్ది నెలల ముందు అరబ్బులే మాడ్రిడ్ శాంతి చర్చల్లో ఇజ్రాయెల్ ఎదుట కూర్చున్నారు, మన సైన్యానికి కొత్త సరఫరాదారులు కావాల్సి వచ్చారు. ఇందులో ఎక్కడా రాకడ లేదు. నాయనమ్మ పేరా పక్కన ఈ నాలుగు వాక్యాలు పెట్టు. నీ వ్యాసం ఆ క్షణంలోనే మారిపోతుంది.

ఈ విషయంలో నాకు ఒకటే పట్టుదల. నమ్మకం పొత్తును కట్టిందని రాసే ముందు, నమ్మకం ఉండి కూడా పొత్తు కట్టని సందర్భాన్నీ, నమ్మకం లేకుండానే పొత్తు కుదిరిన సందర్భాన్నీ వెతికి తీరాలి. అవి దొరికేదాకా కలం పట్టకూడదు. ఒక కాగితం మీద నాలుగు గడులు గీయి: సంవత్సరం, సంతకం పెట్టినవాడు, అతను తన విశ్వాసం గురించి అంతకుముందు బహిరంగంగా అన్నది, ఆ సంతకానికి అతను చెల్లించిన ధర. నాలుగో గడి నింపడమే కష్టం, అసలు సంగతి తేలేదీ అక్కడే.

1948 నుంచి మొదలుపెట్టు. మే 14న ఇజ్రాయెల్ ప్రకటన వెలువడిన 11 నిమిషాలకు అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ గుర్తింపు ఇచ్చాడు. ఆయన బాప్టిస్టు, బైబిల్ బాగా చదివినవాడు. నువ్వు అక్కడ ఆగిపోయావు. రెండు రోజుల ముందు, మే 12న, వైట్‌హౌస్ సమావేశంలో విదేశాంగ మంత్రి మార్షల్ ఈ గుర్తింపు ఓట్ల కోసమేనని మండిపడ్డాడు. అటువైపు ట్రూమన్ సలహాదారు క్లార్క్ క్లిఫర్డ్ సోవియట్లకన్నా ముందే గుర్తించాలని వాదించాడు. మే 17న స్టాలిన్ ప్రభుత్వం ఇజ్రాయెల్‌ను చట్టబద్ధంగా గుర్తించింది. అమెరికా అప్పటికి ఇచ్చింది వాస్తవాధీన (డి ఫాక్టో) గుర్తింపు, అంటే పాలన వాళ్ల చేతిలో ఉందని ఒప్పుకోవడం మాత్రమే. ఆ ఏడాది అమెరికా ఆయుధాలపై నిషేధం పెట్టి కూర్చుంటే, ఇజ్రాయెల్‌కు తుపాకులూ విమానాలూ అమ్మింది కమ్యూనిస్టు చెకొస్లొవాకియా. ప్రవచనాన్ని నమ్మని వాళ్లు ఆయుధాలిచ్చారు, బైబిల్ చదివే దేశం ఇవ్వలేదు.

1956–57 చూడు. స్కోఫీల్డ్ బైబిల్ అప్పటికి అమెరికన్ ఇళ్లలో అర్ధశతాబ్దంగా ఉంది. అయినా 1956 యుద్ధంలో ఈజిప్టు నుంచి ఆక్రమించిన సినాయిని ఖాళీ చేయమని అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఇజ్రాయెల్ మెడ మీద కూర్చున్నాడు, 1957 మార్చిలో ఖాళీ చేయించాడు. 1973 అక్టోబరు యుద్ధంలో అధ్యక్షుడు నిక్సన్ ఇజ్రాయెల్‌కు విమానాల నిండా ఆయుధాలు దింపించాడు. కారణం ఈజిప్టుకూ సిరియాకూ సోవియట్లు సరఫరా చేస్తుండటం. ఈ రెండింటి మధ్య మారింది ప్రచ్ఛన్నయుద్ధపు లెక్క. బైబిల్ మారలేదు.

రేగన్ గురించి నువ్వు రాసింది నిజమే, అతను హార్‌మెగిద్దోను గురించి మాట్లాడేవాడు. 1984 అక్టోబరు 21 చర్చలో దాని మీద ప్రశ్న కూడా వచ్చింది. దాన్ని మనసులో పెట్టుకుని ప్రణాళికలు వేయలేదన్నట్టు జవాబిచ్చాడు. ఆ మాట నమ్మాలా వద్దా అని వాదించకు, నాలుగో గడి చూడు. 1981లో ఇజ్రాయెల్ వద్దు వద్దన్నా సౌదీ అరేబియాకు అవాక్స్ నిఘా విమానాలు అమ్మాడు. అక్టోబరు 28న సెనేట్‌లో 52–48తో గట్టెక్కాడు. 1987 డిసెంబరు 8న గోర్బచేవ్‌తో మధ్యశ్రేణి క్షిపణుల రద్దు ఒప్పందం మీద సంతకం పెట్టాడు. బైబిల్‌లో యెహెజ్కేలు 38వ అధ్యాయం చెప్పే, అంత్యదినాల్లో ఇజ్రాయెల్ మీదికి దండెత్తే గోగును రష్యా అని బోధించే పాస్టర్లు అప్పట్లో ఎందరో ఉన్నారు.

మరి నమ్మకానికి బలం లేదా అంటే, ఉంది. అది పనిచేసే చోటు వేరు. యెరూషలేము రాయబార కార్యాలయం సంగతి వివరంగా రాయి, నీ వ్యాసానికి గుండె అదే కావాలి. 1995లో అమెరికన్ కాంగ్రెస్ తమ రాయబార కార్యాలయాన్ని టెల్ అవీవ్ నుంచి యెరూషలేముకు తరలించాలని చట్టం చేసింది. సెనేట్‌లో 93–5. కానీ దేశ భద్రత పేరుతో అధ్యక్షుడు ఆరు నెలలకోసారి వాయిదా వేయవచ్చని అందులోనే వెసులుబాటు పెట్టింది. క్లింటన్ వాడుకున్నాడు, ఒబామా వాడుకున్నాడు. మారుమనసు పొందిన క్రైస్తవుడినని చెప్పుకున్న జార్జ్ డబ్ల్యూ. బుష్ తన ఎనిమిదేళ్లూ వాడుకున్నాడు. వ్యక్తిగత విశ్వాసంలో బుష్‌కు దరిదాపుల్లో లేని ట్రంప్ 2017 డిసెంబరు 6న ఆ నగరాన్ని రాజధానిగా గుర్తించి, 2018 మే 14న కార్యాలయం తెరిపించాడు. ఆ ప్రారంభ సభలో ప్రార్థన చేసినవాళ్లలో ఒకరు 2006లో ‘ఇజ్రాయెల్ కోసం ఏకమైన క్రైస్తవులు’ సంస్థ పెట్టిన పాస్టర్ జాన్ హేగీ. 2020 ఆగస్టులో విస్కాన్సిన్ రాష్ట్రం ఆష్‌కాష్ సభలో ట్రంప్ అది ఎవాంజెలికల్స్ (బైబిల్‌కూ మారుమనసుకూ పెద్దపీట వేసే ప్రొటెస్టంట్లు) కోసం చేశానని నోరు తెరిచి చెప్పాడు. 2016 ఎన్నికలో తెల్ల ఎవాంజెలికల్స్‌లో దాదాపు 80 శాతం అతనికే వేశారు.

ఇప్పుడు అర్థమైందా? విశ్వాసి అధికారంలో కూర్చున్నప్పుడు జరగని పని, విశ్వాసుల ఓట్లు అవసరమైనవాడు కూర్చున్నప్పుడు జరిగింది. యుగాంత విశ్వాసం విదేశాంగ విధానంలోకి పాలకుడి గుండె లోంచి కన్నా ఓటరు జాబితా లోంచి ఎక్కువగా వస్తుంది. అదీ ధర తక్కువగా ఉన్న చోటుకే వస్తుంది. భవనం మార్చడానికి సైన్యం అక్కర్లేదు. ఆయుధాల ఒప్పందాలు, చమురు, యుద్ధం దగ్గరికొచ్చేసరికి వేరే లెక్కలు ముందుకొస్తాయి. ఇజ్రాయెల్‌కు 2019 నుంచి పదేళ్లకు 3,800 కోట్ల డాలర్ల సైనిక సాయం ఒప్పందం 2016లో కుదిరింది ఒబామా హయాంలో. దాన్ని ప్రవచనంతో వివరించబోతే వ్యాసం అభాసుపాలవుతుంది.

పాలకుడే నిజంగా నమ్మి కట్టిన పొత్తు కావాలంటే 1815కు వెళ్లు. రష్యా జార్ మొదటి అలెగ్జాండర్, అంత్యదినాలు దగ్గరపడ్డాయని చెప్పే బారనెస్ క్రూడెనర్‌తో కలిసి ప్రార్థించిన రోజులవి. సెప్టెంబరు 26న ఆస్ట్రియా, ప్రష్యా రాజులతో పవిత్ర కూటమి పత్రం మీద సంతకాలయ్యాయి. ముసాయిదాలో ప్రజలంతా సోదరులన్న చోట రాజులు సోదరులని మార్చేశాడు ఆస్ట్రియా విదేశాంగ మంత్రి మెటర్నిక్. 1821లో గ్రీకులు తిరగబడ్డారు. వాళ్లు జార్ లాగే ఆర్థడాక్స్ క్రైస్తవులు, తిరగబడింది ఒట్టోమన్ తుర్కుల మీద. అతను కదల్లేదు. గ్రీకుల కోసం పట్టుబట్టిన బారనెస్‌ను రాజధాని నుంచి వెళ్లిపొమ్మన్నాడు. ఇరాన్ గురించీ నీ ఆలోచన ఇలాగే పరీక్షించుకో. షియాలు ఎదురుచూసే రక్షకుడు మహదీ రాక గురించి 2005లో ఐక్యరాజ్యసమితిలోనే ప్రార్థించాడు అప్పటి ఇరాన్ అధ్యక్షుడు అహ్మదీనెజాద్. కానీ ఆ దేశం షియాలు ఎక్కువగా ఉన్న అజర్‌బైజాన్ కన్నా క్రైస్తవ ఆర్మేనియాతో సఖ్యంగా ఉంటూ వచ్చింది.

పాస్టర్లు తమ పలుకుబడి గురించి చెప్పుకునేది అలాగే రాసెయ్యకు. వాళ్ల సంస్థకు అది అవసరమైన మాట. శత్రువులు ఆ పాస్టర్ల గురించి చెప్పేదీ రాసెయ్యకు. ‘తెర వెనుక రహస్యం’ తరహా వ్యాసాలు ఇప్పుడు మన పత్రికల్లో బాగా నడుస్తున్నాయి. వాటిని వేసే సంపాదకులు పేజీ సరిపోకపోతే మొదట కోసేది తేదీలను, ఓట్ల లెక్కలను. ఆరోపణ మాత్రం అక్షరం పోకుండా ఉంటుంది. ఇలా ఎన్ని మంచి వ్యాసాలు ఎముకలు తీసేసిన శరీరాల్లా అచ్చయ్యాయో చెప్పలేను. నీ తేదీలను వాక్యం మధ్యలో, క్రియకు అతుక్కునేలా రాయి. చివర తగిలిస్తే కత్తెరకు సులువు.

పుస్తకం వేయించడం గురించి అడిగినవాటికి ఇప్పుడు జవాబివ్వను. రెండో ప్రతి పంపేటప్పుడు ఒక కొత్త పేరా చేర్చు. గ్వాటెమాల 2018 మే 16న తన కార్యాలయాన్ని యెరూషలేముకు మార్చింది. అధ్యక్షుడు మొరాలెస్ ఎవాంజెలికల్, కానీ 1980 దాకా కూడా అది అక్కడే ఉండేదని మర్చిపోకు. పరాగ్వే మే 21న మార్చి, కొత్త అధ్యక్షుడు రాగానే సెప్టెంబరులో వెనక్కి తెచ్చుకుని, 2024 డిసెంబరులో మరో అధ్యక్షుడి కాలంలో మళ్లీ యెరూషలేముకే వెళ్లింది. ఈ రెండు దేశాలకూ నాలుగు గడులు నింపి, ఏ గడిలో ఏమీ దొరకలేదో అది కూడా రాసి పంపు.

మీ అన్నయ్య