పారిస్ నుంచి రోమ్ దాకా కారులో

ప్రశ్న: మే నెలలో పారిస్‌లో కారు అద్దెకు తీసుకుని, స్విట్జర్లాండ్ మీదుగా రోమ్ వెళ్లి అక్కడే కారు ఇచ్చేద్దామనుకుంటున్నాం. ఎన్ని వీసాలు కావాలి? మన లైసెన్స్ చెల్లుతుందా?
- ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: వీసా గురించి టెన్షన్ వద్దండీ, మూడూ షెంగెన్ దేశాలే కాబట్టి ఒక్కటి చాలు. ఎక్కువ రోజులు ఎక్కడుంటారో ఆ దేశానికి అప్లై చేయండి. కనీసం 30,000 యూరోల ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. లైసెన్స్‌తో పాటు ఆర్టీఏలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా తీసుకోండి.

అసలు దెబ్బ కారు దగ్గర పడుతుంది. ఒక దేశంలో తీసుకుని ఇంకో దేశంలో వదిలేస్తే వేసే చార్జీ ఒక్కోసారి అద్దెనే మించిపోతుంది, అందుకే నన్నడిగితే మళ్లీ ఫ్రాన్స్‌లోనే ఇచ్చేలా రూటు తిప్పుకోవడం మేలు. డిపాజిట్‌కి కారు నడిపేవాళ్ల పేరు మీదున్న క్రెడిట్ కార్డే అడుగుతారు, డెబిట్ కార్డు నమ్ముకుని కౌంటర్ దగ్గర నిలబడకండి.

స్విస్ హైవే ఎక్కాలంటే 40 ఫ్రాంకుల విన్యెట్ (హైవే పాస్) కొనాలి, రెండు రోజులు తిరిగినా ఏడాదికి సరిపడా కట్టాల్సిందే. ఇటలీలో మాత్రం ఎర్ర వలయంతో ‘జెడ్‌టీఎల్’ (పర్మిట్ లేని బండ్లు రాకూడని ప్రాంతం) బోర్డు కనిపిస్తే లోపలికి పోవద్దు. ఆపేవాళ్లెవరూ ఉండరు, కెమెరా నంబరు పట్టేస్తుంది, మీరు హైదరాబాద్ వచ్చేసి మర్చిపోయాక జరిమానా వస్తుంది, దానిపైన అద్దె కంపెనీ సర్వీసు చార్జీ వేరే.