ఉద్యోగం మానేసి జైల్లో పని నేర్పుతానంటున్నాడు

ప్రశ్న: మాది తిరుచానూరు. మా అబ్బాయికి 25 ఏళ్లు. ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసి రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ పని చూస్తున్నాడు. కొన్నాళ్లుగా ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లతో ఆదివారాలు సబ్‌జైలుకు వెళ్లి ఖైదీలకు ఇంటి వైరింగ్ నేర్పుతున్నాడు. ఇప్పుడు ఉద్యోగం మానేసి ఇదే పని చేస్తానంటున్నాడు. "అక్కడున్నంతసేపూ నేను పనికొచ్చే మనిషినని అనిపిస్తోందమ్మా" అంటాడు. సంబంధాలు చూస్తున్నాం. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీ అబ్బాయి అన్న ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి. నా దగ్గరికి వచ్చే పిల్లలు జీతం గురించి గంటసేపు మాట్లాడతారు. తమకు ఏ పనిలో తృప్తి దొరుకుతుందో చెప్పమంటే తల దించుకుంటారు. మీవాడికి అది దొరికింది. దాన్ని నిలబెట్టే దారి చూద్దాం.

ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానొద్దు. జైళ్ల శాఖలో పని నేర్పే శాశ్వత పోస్టులు చాలా తక్కువ. సంస్థలు ఇచ్చే గౌరవ వేతనంతో ఇల్లు గడవదు. దానికంటే మంచి దారి, ముందు ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్ కావడం. దానికి క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ ట్రైనింగ్ అనే ఏడాది కోర్సు ఉంది, సీఐటీఎస్ అంటారు. అఖిల భారత ప్రవేశ పరీక్ష రాసి నేషనల్ స్కిల్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్లలో చేరాలి. హైదరాబాద్‌లోనూ ఉన్నాయి, చెన్నై గిండీలోనూ ఉంది. మీకు గిండీయే దగ్గర. ఎలక్ట్రీషియన్ ట్రేడ్ ఎక్కడెక్కడ ఇస్తున్నారో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోమనండి. ఇన్‌స్ట్రక్టర్ అయ్యాక జైలు పాఠాలకు అనుమతి అడిగితే ఆ మాటకు బరువుంటుంది.

ఇక ఆ పని గురించి. సబ్‌జైల్లో ఉండేది ఎక్కువగా రిమాండ్ ఖైదీలే. 2022 చివరి లెక్కల ప్రకారం దేశంలోని జైళ్లలో ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలు. వాళ్లకు ఏ రోజైనా బెయిల్ రావచ్చు. పోయిన వారం ముందు వరసలో కూర్చున్నవాడు ఈ వారం ఉండడు. అందుకని ఆరు నెలల సిలబస్ అక్కడ పనిచేయదు. ఏ రోజు పాఠం ఆ రోజే పూర్తవ్వాలి: ఒకరోజు స్విచ్‌బోర్డు, ఒకరోజు ఫ్యాన్ కనెక్షన్, ఇంకోరోజు ఎర్తింగ్. ఒక్క క్లాసు విన్నవాడైనా ఒక పని చేతిలో పట్టుకుని వెళ్లాలి. పెద్ద శిక్షలు పడినవాళ్లు కడప, నెల్లూరు వంటి సెంట్రల్ జైళ్లలో ఉంటారు కాబట్టి సర్టిఫికెట్ కోర్సులకు అవే తగిన చోట్లు.

స్క్రూడ్రైవర్లు, కటర్లు లోపలికి ఎన్ని వెళ్లాయో లెక్కపెట్టి అన్నీ తిరిగి తేవాలి. ఫోన్ గేటు దగ్గరే ఆగిపోతుంది, వీడియోలు చూపించడం కుదరదు, బొమ్మ బోర్డు మీద గీయాల్సిందే. "ఏం కేసు?" అని ఎవర్నీ అడగకూడదు. ఎంత జాలేసినా ఉత్తరాలు, కబుర్లు బయటికి మోయకూడదు. మనసు మెత్తనైన కుర్రాళ్లు ఇరుక్కునేది ఇక్కడే. మీవాడికి ఇది గట్టిగా చెప్పండి.

వైరింగ్ ఎంచుకోవడం నాకు బాగా నచ్చింది. జైలుకెళ్లి వచ్చినవాడికి కంపెనీలో పోలీస్ వెరిఫికేషన్ దగ్గరే తలుపు మూసుకుపోతుంది. తిరుపతిలో ఇన్ని లాడ్జీలు, ఇన్ని గీజర్లు, ఇన్ని మోటార్లు. తన పని తాను చేసుకునేవాడికి ఇక్కడ కూలి దొరుకుతుంది. సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు దాని మీద జైలు పేరు లేకుండా శిక్షణ సంస్థ పేరే ఉండేలా చూడమనండి. ఆ ఒక్క లైను వాళ్లను జీవితాంతం వెంటాడుతుంది.

సంబంధాల విషయంలో దాచకండి. పెళ్లిచూపుల్లోనే చెప్పండి. కొందరు వెనక్కి తగ్గుతారు, తగ్గనివ్వండి.

మిగిలింది డబ్బు. కోర్సు చేసే ఏడాదీ జీతం ఉండదు. ఫీజుకు, గిండీలో ఉండడానికి, ఇంటి ఖర్చుకు ఎంత కావాలో మీరిద్దరూ కూర్చుని కాగితం మీద వేసుకోండి. అంత సొమ్ము పోగయ్యేదాకా వారమంతా ఫ్యాక్టరీ, ఆదివారం సబ్‌జైలు, రెండూ నడవనివ్వండి.