చిట్టి రిపోర్టులో 'గ్రేడ్ 2' అంటే ఏమిటి?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. మా చిట్టి నాటుకుక్క, తొమ్మిదేళ్లు. వెనక చన్ను పక్కన ఉసిరికాయంత గడ్డ వస్తే ఆపరేషన్ చేయించాం. బయాప్సీలో 'కాంప్లెక్స్ కార్సినోమా, గ్రేడ్ 2, సైజు 2.5 సెంటీమీటర్లు, అంచులు క్లియర్, లింఫ్ నాళాల్లో కణాలు లేవు' అని రాశారు. ఇక ఆశ లేదని చుట్టుపక్కల వాళ్లు అంటున్నారు. ఎన్నాళ్లు బతుకుతుందండీ? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: ఎన్నాళ్లని ఎవరూ చెప్పలేరమ్మా. కానీ ఈ రిపోర్టు మీరు భయపడుతున్నంత చెడ్డది కాదు.

కార్సినోమా అంటే క్యాన్సర్ గడ్డే, కానీ గ్రేడ్ అంటే జబ్బు ఎంత దూరం పాకిందన్న లెక్క కాదు. మైక్రోస్కోపులో మూడు సంగతులు చూస్తారు: పాలగొట్టాల అమరిక ఎంత మిగిలింది, కణాల కేంద్రకాలు ఎంత వికారంగా మారాయి, కణాలు ఎంత జోరుగా చీలి పెరుగుతున్నాయి. ఒక్కోదానికి 1 నుంచి 3 మార్కులు, మొత్తం 3-5 వస్తే గ్రేడ్ 1, 6-7 అయితే 2, 8-9 అయితే 3. చిట్టిది మధ్యది.

నేనైతే గ్రేడ్ కంటే ముందు రిపోర్టులో లింఫ్ నాళాల గురించి రాసిన లైనే వెతుకుతాను, ఎందుకంటే క్యాన్సర్ కణాలు ఆ నాళాల్లోకి దూరినా, గజ్జల్లో బిళ్ళల్లోకి (లింఫ్ గ్రంథుల్లోకి) చేరినా గడ్డ చిన్నదైనా భయమే. చిట్టికి నాళాల్లో లేవు. సైజు 3 సెంటీమీటర్ల లోపే, అదీ మంచి మాట. 'కాంప్లెక్స్' అని చూసి జడుసుకున్నారేమో, పాలగొట్టం లోపలి కణాలతో పాటు దాన్ని చుట్టి ఉండే కణాలు కూడా పెరిగాయని మాత్రమే దాని అర్థం, 'సింపుల్' అని రాసే రకం కంటే సాధారణంగా ఇదే నెమ్మది.

బిళ్ళల సంగతి మాత్రం మీరు రాసినదాంట్లో లేదు. గజ్జల్లో తడిమి చూడమని మీ పశువుల డాక్టరుగారిని అడగండి, అనుమానం వస్తే సన్నసూదితో కణాలు తీసి చూస్తారు. ఆపరేషన్‌కి ముందు ఛాతీ ఎక్స్‌రే తీయకపోతే ఇప్పుడైనా తీయించండి, మూడు కోణాల్లో.

ఆడకుక్కకి మామూలుగా రెండు వరసల్లో పది పాలగ్రంథులు ఉంటాయి, మిగిలినవాటిలో కొత్త గడ్డ రావొచ్చు. మన కోనసీమలో కొందరు పాలగడ్డే కదా అని ఊరుకుని, కొబ్బరికాయంత అయి పగిలాక తెస్తారు, అప్పుడు మాకు చేయడానికి పెద్దగా ఏమీ మిగలదు, నాకు చాలా బాధేస్తుంది. మీరు వారానికోసారి చిట్టిని వెల్లకిలా పడుకోబెట్టి ఒక్కో చన్నూ వేళ్లతో తడమండి. శనగగింజంత గట్టిగా తగిలినా మర్నాడే చూపించండి, ఏమీ తగలకపోయినా మూడు నెలలకోసారి డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లండి.