ఆగింది తెరా, యంత్రమా?

చిరంజీవికి ఆశీస్సులు.

వీడియో నడుస్తుండగా నీ లినక్స్ కంప్యూటర్ బిగుసుకుపోతోందని, గ్రాఫిక్స్ డ్రైవర్‌ను ఎన్నిసార్లు తీసి మళ్లీ వేసినా గుణం కనిపించలేదని రాశావు. ఎలా కనిపిస్తుంది? జబ్బేమిటో చూడకుండా మందు మింగిస్తున్నావు. ఇక కొన్నాళ్లు డ్రైవర్ జోలికి వెళ్లకు. ఆగిపోతున్నది తెరా, యంత్రమా అన్నది ముందు తేల్చు.

ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌ను ఇవాళే పెట్టి ఉంచు; మరో కంప్యూటర్ నుంచి దీనిలోకి లాగిన్ కానిచ్చే ప్రోగ్రాం అది. ఈసారి బిగుసుకున్నప్పుడు పవర్ బటన్ నొక్కకుండా మరో కంప్యూటర్ నుంచి లోపలికి వెళ్లి చూడు. రానిచ్చిందా, కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) బతికే ఉంది, గొడవ గ్రాఫిక్స్ వరకే. రానివ్వకపోతే ఆల్ట్, సిస్‌ఆర్‌క్యూ మీటలు పట్టుకుని ఆర్, ఇ, ఐ, ఎస్, యు, బి అక్షరాలను (R, E, I, S, U, B) ఆగి ఆగి నొక్కు; కెర్నెల్‌కు ఇంకా వినబడుతుంటే యంత్రం పద్ధతిగా రీస్టార్ట్ అవుతుంది. చాలా డిస్ట్రోలు (లినక్స్ రకాలు) ఈ సదుపాయాన్ని కొంత మూసి ఉంచుతాయి కనుక కెర్నెల్.సిస్‌ఆర్‌క్యూ (kernel.sysrq) విలువను ముందే 1 చేసుకో. దానికీ పలకకపోతే హార్డ్‌వేర్ మీద అనుమానం పెంచుకోవచ్చు.

తిరిగి బూట్ అయ్యాక జర్నల్‌సీటీఎల్ -కె -బి -1 (journalctl -k -b -1) అని కొట్టు. కిందటిసారి కెర్నెల్ పలికిన చివరి మాటలు అక్కడుంటాయి. ఏఎండీ కార్డయితే ‘రింగ్ జీఎఫ్ఎక్స్ టైమౌట్’ అని కనిపించవచ్చు. ఇచ్చిన పనిని కార్డు వేళకు ముగించలేదని దాని అర్థం. డ్రైవర్, మెసా (బొమ్మలు గీసే గ్రాఫిక్స్ లైబ్రరీ), ఫర్మ్‌వేర్ (కార్డు లోపలి ప్రోగ్రాం) వైపు చూడు. ఎన్విడియాలో ‘ఎక్స్ఐడీ 79’ వస్తే కథ వేరు. కార్డు పీసీఐఈ బస్ నుంచి, అంటే దాన్ని మదర్‌బోర్డుతో కలిపే దారి నుంచి, జారిపోయింది. అప్పుడు కార్డును తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టు, దాని పవర్ కేబుళ్లు, వేడి చూడు. ‘మెషీన్ చెక్’ అని ఉంటే ప్రాసెసర్, ర్యామ్, బోర్డు వైపు వేలు చూపుతోందన్నమాట. ఏమీ రాయకుండా లాగ్ (యంత్రం రాసుకునే ఈ చిట్టా) మధ్యలో తెగిపోయి యంత్రం దానంతటదే రీస్టార్ట్ అయితే నేను మొదట పవర్ సప్లైనే అనుమానిస్తాను.

బూట్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో ఇ (E) నొక్కి, లినక్స్ అని మొదలయ్యే పంక్తి చివర ‘నోమోడ్‌సెట్’ (nomodeset; గ్రాఫిక్స్ డ్రైవర్‌ను పక్కన పెట్టించే మాట) చేర్చి నడిపించమని అందరూ చెబుతారు. మంచి పరీక్షే, కానీ ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. అలా నడిపినప్పుడు కార్డుకు అసలు పనే పడదు. పని పడకపోతే నీరసించిన పవర్ సప్లై కూడా బుద్ధిగా ఉంటుంది. కాబట్టి యంత్రం ఆగకుండా నడిచినంత మాత్రాన డ్రైవర్‌దే తప్పని తీర్పు చెప్పేయకు. అదే మెనూలో పాత కెర్నెల్ ఉంటే దానితోనూ నడిపి చూడు. పాతదానిలో నిలకడగా ఉండి కొత్తదానిలో కూలుతుంటే, అది సాఫ్ట్‌వేర్ అనడానికి గట్టి ఆధారం.

తర్వాత బయోస్‌లో ఎక్స్ఎంపీ (ర్యామ్‌ను మామూలుకన్నా వేగంగా నడిపే అమరిక) ఆపేసి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్‌ను రాత్రంతా నడవనివ్వు. ఒక్క ఎర్రర్ వచ్చినా దాన్ని చిన్నదనుకోకు. ఒకసారికి ఒక్కటే మార్చు, మార్చిన ప్రతిదీ రాసిపెట్టు. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో నీకూ తెలియదు, నాకూ తెలియదు.

మదర్‌బోర్డు మార్చే ఆలోచన మాత్రం అన్నిటికన్నా వెనక్కి నెట్టు. బోర్డు మీది కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నా, వేరే ర్యామ్, వేరే పవర్ సప్లై పెట్టినా అదే వరస అయినా అప్పుడు నాకు రాయి. రాసేటప్పుడు తెర ఫొటో వద్దు, లాగ్ మొత్తం పంపు.