సుత్తులు అరగదీసే పని చదువా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ అయ్యాడు. మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్‌ఈ-ఏఐ సీటు మాట్లాడాం. వాడేమో పియానో రిపేరు నేర్చుకుంటానంటున్నాడు. వీడియోలు చూసి, మా చర్చి పియానో సుత్తులు సాండ్ పేపరుతో రుద్దుతాడట. ఏది మేలు? – ఒక తల్లి, కాకినాడ

జవాబు: ముందు ఆ చర్చి పియానో జోలికి పోవద్దనండి. అందులో 88 సుత్తులుంటాయి, చెక్కకు బిగించి అతికించిన ఉన్ని ఫెల్టుతో. తీగల్ని కొట్టీ కొట్టీ ఫెల్టు మీద గాళ్లు పడతాయి, కొస చదునవుతుంది, స్వరం గరుకుగా పలుకుతుంది. దాన్ని మళ్లీ కోడిగుడ్డు కొసలా తేవాలి. సన్నటి చెక్కబద్దకు 100 గ్రిట్ (గరుకుదనం లెక్క) సాండ్ పేపరు పట్టీ అతికించి, సుత్తి భుజాల (పక్కల) నుంచి కొసవైపు పొరపొరగా రుద్దాలి. కొస మీదుగా లాగితే మళ్లీ చదునే. చివర 220, ఆపైన 400తో నునుపు చేయాలి. గాడి పూర్తిగా పోవాల్సిందేనని పట్టుబడితే పైస్థాయి సుత్తుల్లో చెక్క తేలుతుంది. అక్కడ ఫెల్టు మరీ పలచన. చాలా స్వరాలకు మూడేసి తీగలుంటాయి, కొస ఓ పక్కకు వాలితే ఆ మూడింటికీ దెబ్బ సమంగా తగలదు. అరిగినకొద్దీ సుత్తికీ తీగకూ మధ్య దూరం పెరుగుతుంది. అది సుమారు 45 మిల్లీమీటర్లు ఉండాలి, అంటే రెగ్యులేషన్ (లోపలి భాగాల దూరాలు సర్దే పని) మళ్లీ చేయాలి. అందుకే మొదట తీసిపారేసిన సుత్తుల మీదే చెయ్యి తిప్పాలి.

ఇంత లెక్కున్న పనిని మీరు ‘రుద్దుడు’ అంటున్నారు! అమ్మా, మీ దిగులు సంపాదన గురించి కాదు, చుట్టాలేమంటారోనని. ఆ చుట్టాలు ఫీజు కట్టరు. బ్రాంచి పేరులో ఏఐ ఉంటే ఉద్యోగం ఉన్నట్టు కాదు. ఆ కాలేజీలో ఆ సబ్జెక్టులు చెప్పేదెవరు, పోయినేడు పాసైనవాళ్లు ఇప్పుడెక్కడున్నారు? ఇవి అడగకుండానే కోటా డబ్బు మాట్లాడేశారా? లెక్కలంటే ఇష్టంలేని పిల్లాడికి ఆ సీటు నాలుగేళ్ల బ్యాక్‌లాగులే.

అలాగని ఇటు పూలబాటేం కాదు. సుత్తుల పని ఒక పియానోకు ఏళ్లకోసారి వస్తుంది, కూడుపెట్టేది ట్యూనింగ్. మన దగ్గర పియానోలు తక్కువ, మీ తీరంలో తేమకు శ్రుతి త్వరగా తప్పుతుంది. పద్ధతిగా నేర్పే చోట్లలో బోస్టన్‌లోని నార్త్ బెన్నెట్ స్ట్రీట్ స్కూల్ ఒకటి, ఖర్చు ఎక్కువే. అమెరికాలో ఈ పనివాళ్ల సంఘమైన పియానో టెక్నీషియన్స్ గిల్డ్ అర్హత ఇచ్చేముందు రాతపరీక్షతో పాటు ట్యూనింగ్‌, రిపేరు పని కూడా చేయించి చూస్తుంది.

వాడి జీవితం పాడైపోదు, భయపడకండి. ఫీజు తక్కువున్న డిగ్రీలో చేర్చి, సెలవుల్లో చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఓ ట్యూనర్ దగ్గర సహాయకుడిగా పెట్టండి. శ్రుతి తేడా వాడి చెవికి పట్టుబడుతుందో లేదో ఆయనే చెబుతాడు. ఫెల్టు రుద్దేటప్పుడు మాస్కు మాత్రం తప్పనిసరి, ఆ ఉన్ని ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు.