పాత ప్లాట్‌ఫార్మ్ గేమ్‌లను (గెంతుతూ ముందుకెళ్లే ఆటలను) కలెక్షన్‌గా కొత్త కన్సోల్‌కి తెస్తే, మనం ఆడేది అదే గేమా?

కలెక్షన్‌ని బట్టి ఉంటుంది. కొన్నిట్లో పాత గేమ్‌నే ఎమ్యులేటర్ (పాత కన్సోల్‌లా పనిచేసే సాఫ్ట్‌వేర్) మీద నడుపుతారు, కొన్నిట్లో మొత్తం మళ్లీ తయారుచేస్తారు.

2020 సెప్టెంబరులో నింటెండో స్విచ్‌కి వచ్చిన సూపర్ మారియో 3డీ ఆల్-స్టార్స్ మొదటి రకం. ఇందులో మారియో 64 (1996), సన్‌షైన్ (2002), గెలాక్సీ (2007) ఉన్నాయి. ఆట పాతదే, బొమ్మ స్పష్టత పెరిగింది. మారియో 64 మాత్రం ఇప్పటికీ పాత టీవీల 4:3 ఆకారంలోనే, పక్కన నల్ల పట్టీలతో కనిపిస్తుంది. అసలు చిక్కు కంట్రోలర్ దగ్గర. సన్‌షైన్ మొదట వచ్చిన నింటెండో పాత కన్సోల్ గేమ్‌క్యూబ్‌లో, ట్రిగ్గర్‌ని (కంట్రోలర్ పైఅంచున చూపుడువేలితో నొక్కే బటన్‌ని) కొంచెం నొక్కితే పరిగెడుతూనే నీళ్లు చిమ్మొచ్చు, పూర్తిగా నొక్కితే మారియో నిలబడి గురి చూస్తాడు. స్విచ్ ట్రిగ్గర్‌కి ఎంత నొక్కామన్నది తెలీదు, నొక్కామా లేదా అన్నదే తెలుసు. అందుకని ఒక్క బటన్ పనిని రెండింటికి పంచారు. చేతికి అలవాటు పడటానికి టైమ్ పడుతుంది.

రెండో రకం 2017లో పీఎస్4కి వచ్చిన క్రాష్ బాండికూట్ ఎన్. సేన్ ట్రిలజీ. వికేరియస్ విజన్స్ స్టూడియో మూడు గేమ్‌లనూ కొత్తగా కట్టింది. మూడో గేమ్ కదలికలనే మూడింటికీ ఆధారం చేసుకోవడంతో, మొదటి గేమ్‌లో జంప్‌లు పాత ఆటగాళ్లకి కూడా గురి తప్పుతుంటాయి. నాకైతే ఈ రకమే ఇష్టం, చిరాకు పెట్టినా సరే.

కొనాలనుకుంటే ఒక మాట: మారియో కలెక్షన్ అమ్మకాన్ని నింటెండో 2021 మార్చి 31తో ఆపేసింది. ఇక సెకండ్ హ్యాండ్ గేమ్ కార్డో, ఎక్కడైనా మిగిలిన స్టాకో వెతుక్కోవాల్సిందే.